‘లేడీ ఇన్ శాటిన్’ కొత్త ప్రతిలో ఒక పాట తక్కువగా ఉంది: ఇది లోపమా?

ప్రశ్న: అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడిన ‘లేడీ ఇన్ శాటిన్’ స్టీరియో (ఎడమ, కుడి రెండు మార్గాల ధ్వని) ఎల్పీ రికార్డును, ఈ మధ్య తిరిగి విడుదలైన ప్రతిని, కొన్నాను. మా మేనమామగారి దగ్గరున్న పాత మోనో (ఒకే మార్గం ధ్వని) రికార్డులో పన్నెండు పాటలుండగా నా దానిలో పదకొండే ఉన్నాయి; రెండో వైపు చివర రావలసిన ‘ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ అఫైర్’ లేదు. పైగా ఆమె గొంతు అక్కడక్కడా జీరపోయి వినిపిస్తోంది. దుకాణానికి తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి, ఆ పాట 1958 నాటి స్టీరియో ఎల్పీలోనూ లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రే ఎల్లిస్ వాద్యరచనతో ఈ పాటలను రికార్డు చేసినప్పుడు, మోనోకూ స్టీరియోకూ వేర్వేరు టేపులు నడిచాయి. ఈ ఒక్క పాటకు మాత్రం ముందు వాద్యబృందాన్ని రికార్డు చేసి, ఆమె గొంతును తరువాత మోనో టేపు మీద కలిపారు. మన సినిమా పాటల్లో ట్రాక్ సిద్ధం చేసుకుని గాయని గొంతు తరువాత చేర్చినట్లే అనుకోండి. అందువల్ల స్టీరియో టేపులో వాద్యమే తప్ప గానం లేదు. 1997లో వచ్చిన సీడీలో ఆమె గొంతును ఆ స్టీరియో వాద్యంతో జతచేసి పాటను పూర్తిచేశారు. మీ ప్రతి పాత స్టీరియో ఎల్పీ వరుసను అనుసరించినట్లుంది. పాత ప్రతులైతే అట్ట మీది సంఖ్య చూస్తే సరిపోతుంది: మోనోది సీఎల్ 1157, స్టీరియోది సీఎస్ 8048.

ఇక గొంతు సంగతి. అరిగిన రికార్డయితే వయొలిన్లు కూడా గరగరలాడాలి కదా. అవి పట్టులా జారుతూ, గొంతు ఒక్కటే జీరపోతూ ఉంటే ఆ జీర ఆమెదే. మరుసటి ఏడాది జులైలో, నలభై నాలుగేళ్లకే, ఆమె కన్నుమూశారు. ఆ గానం మొదట రే ఎల్లిస్‌కే నచ్చలేదు. స్వరాల కొలతతో విన్నానే గాని భావాన్ని వినలేదని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. నా మటుకు నాకు ‘యూవ్ చేంజ్‌డ్’లో ఆ జీర లేకపోతే పాటే లేదు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. వయొలిన్లు శుభ్రంగానే ఉన్నాయి. ఆ పన్నెండో పాట కోసం మళ్లీ మోనో ఎల్పీయే వెదకాలా?

జవాబు: అక్కర్లేదు, 1997 సీడీ చాలు. అందులో ఆ పాటను స్టూడియోలో ఎలా రూపొందించారో వినిపించే సుదీర్ఘమైన ట్రాక్ కూడా ఉంది. అయితే కొనేముందు వెనుక అట్ట మీది పాటల పట్టికను ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే ఇదే పేరుతో చాలా ముద్రణలు తిరుగుతున్నాయి.