ఫోల్డింగ్ సైకిల్ మీద భీమిలి: రానుపోను తొక్కాలా, ఒకవైపు తొక్కి బస్సెక్కాలా?

రైలుపెట్టె:
ఆఫీసు పని మీద ఏప్రిల్ చివర్లో విశాఖ వస్తున్నాను. ఆదివారం మొత్తం ఖాళీ. నాతో 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిల్ ఉంటుంది, వెనక ఏడు గేర్లు. బస ఆర్కే బీచ్ దగ్గర. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళి, చిట్టివలస, తగరపువలస, ఆనందపురం మీదుగా హైవేలో తిరిగి రావాలని ఉంది. అంతా కలిపి 60 కి.మీ. దాటుతుంది. మా ఫ్రెండేమో భీమిలి దాకా తొక్కి, సైకిల్ మడిచి బస్సులో వచ్చెయ్యమంటున్నాడు. అలా వస్తే రోజంతా రైడ్ చేసినట్టు ఉంటుందా?

చిట్టివలస కుర్రాడు:
ఉండదన్నా. పూర్తి చుట్టు కొట్టండి. బీచ్ రోడ్డు అందరూ చూస్తారు. భీమిలి నుంచి లోపలికి తిరిగితేనే మా వైపు ఊళ్ళు, కొబ్బరితోటలు కనిపిస్తాయి. హైవేకి చాలాచోట్ల సర్వీసు రోడ్డుంది, పెద్ద బండ్ల టెన్షన్ అంత ఉండదు. 60 కి.మీ. అంటే చిన్న చక్రాలకి కూడా కష్టమేం కాదు.

లాసన్స్‌బే:
రైలుపెట్టె గారూ, కిలోమీటర్ల లెక్క కాస్త పక్కన పెట్టండి. ఆ నెలలో ఇక్కడ చూసుకోవాల్సింది గాలి, ఎండ.

విశాఖలో తెల్లారడమే తొందర. ఏప్రిల్ చివర్లో ఐదున్నర ప్రాంతానికి సూర్యుడు వచ్చేస్తాడు, ఎనిమిదింటికి ఎండ చురుక్కుమంటుంది. ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలం గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. భీమిలి నగరానికి ఈశాన్యాన ఉంది. అంటే వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, ఇవాళ కాళ్ళు బాగా ఆడుతున్నాయి అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది, అదీ పొద్దెక్కి జోరందుకున్నాక. మీ ప్లాన్‌లో ఆ సగమే నీడ లేని హైవే మీద పడింది.

మామూలు సైకిల్ మీద వెళ్ళినవాళ్ళు ఎలాగోలా తొక్కుకుంటూ రావాల్సిందే. మీకు ఆ బలవంతం లేదు. మడిచే సైకిల్‌ని ఇంత దూరం మోసుకొస్తున్నదే ఆ వెసులుబాటు కోసం. కాబట్టి తిరుగుదారి హోటల్ గదిలో కూర్చుని తేల్చకండి. ఐదింటికల్లా బయల్దేరండి. సుమారు 30 కి.మీ., గంటకు 15 చొప్పున వేసుకున్నా, రుషికొండ దగ్గర ఎక్కుళ్ళు, ఫొటోల ఆగుళ్ళు కలుపుకొని ఏడున్నరకి భీమిలిలో ఉంటారు. టిఫిన్ చేసి ఎనిమిదిలోపు తగరపువలస దారి పట్టగలిగితే తొక్కండి. ఎనిమిది దాటితే ఇక ఆలోచించొద్దు, మడిచెయ్యండి.

నన్నడిగితే హైవే మీద పెట్టే ఆ రెండు గంటలు భీమిలిలోనే గడపమంటాను. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ సైకిల్ మీద తిరిగే దూరమే. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగితే మాత్రం సైకిల్‌ని లోపలికి తోయకండి, దయచేసి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటది. చక్రం గాడి పడితే వానకి అక్కణ్ణుంచే కోత మొదలవుతుంది.

చిట్టివలస కుర్రాడు:
గాలి మాట ఒప్పుకుంటాను. కానీ బస్సుని నమ్ముకోమని ఎలా చెప్తారు? ఆదివారం భీమిలి బస్సుల రద్దీ మీకూ తెలుసు. 12 కిలోల ఇనుము పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడాలా? దాని బదులు ఇంకో గంట ముందే లేచి మొత్తం తొక్కేస్తే సరిపోతుంది.

గొలుసు నూనె:
ఇద్దరూ గేర్ల మాటే ఎత్తలేదు. ఇలాంటి సైకిళ్ళకి ముందు ఒక్కటే పళ్ళచక్రం ఉంటుంది, తరచుగా 52 పళ్ళది. వెనక పెద్దది 28 అనుకోండి. అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే 2.8 మీటర్లు ముందుకి పోతుంది. కొండలెక్కడానికి చేసిన సైకిలైతే రెండు మీటర్లలోపే. అందుకే రుషికొండ ఎక్కుడు, ఎదురుగాలి రెండూ మోకాళ్ళ మీద పడతాయి. దిగి నడిపించినా తప్పేం లేదు.

టైరు పక్కన సైజు చదవండి. 20×1.75 అని ఉంటే పిల్లల సైకిళ్ళకి వాడేదే, ట్యూబు సిటీలో సైకిల్ షాపుల్లో దొరుకుతుంది. 20×1 1/8 అని ఉంటే అది వేరే రిమ్ము, అంగుళాలు ఒకటే అయినా ఈ టైరు దానికి పట్టదు. ట్యూబు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. ఏదైనా సరే, ఆదివారం తెల్లారి పంక్చరు షాపు తీసి ఉంటుందని అనుకోవద్దు. ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు, చేతి పంపు సంచిలో ఉండాలి. బయల్దేరే ముందు హ్యాండిల్ కాడ కింద లాక్‌ని వేళ్ళతో లాగి చూడండి, కొంచెం కదిలినా బిగించండి. సాయంత్రం మడత బందుల్ని, గొలుసుని తడిగుడ్డతో తుడిచి నూనె చుక్కలు వెయ్యండి. ఉప్పుగాలి తుప్పుకి ఎక్కువ టైం పట్టదు.

కొత్తవలస టీచర్:
రైల్లో అరకు వెళ్ళి, అనంతగిరి ఘాట్ మీదుగా ఎస్.కోటకి (శృంగవరపుకోట) దిగొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెప్తున్నాను. రిమ్ బ్రేకులున్న (రబ్బరు దిమ్మలు రిమ్ముని నొక్కి ఆపేవి) చిన్న చక్రాలతో అంత పొడవు దిగుడు వద్దు. చిన్న రిమ్ములో లోహం తక్కువ, బ్రేకు పట్టే కొద్దీ తొందరగా వేడెక్కుతుంది, ట్యూబు పేలొచ్చు. ఆ లైన్లో రైలు కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు చూసుకుంటూ పోవడమే బాగుంటుంది.

లాసన్స్‌బే:
తమ్ముడూ, రద్దీ సాయంత్రం మాట. ఉదయం తొమ్మిదికి జనం భీమిలి వైపు వస్తుంటారు, నగరానికి వెళ్ళే బస్సులో చోటుంటుంది. బస్సు బయల్దేరే చోటే ఎక్కాలి, మధ్యలో చెయ్యెత్తితే కుదరదు. సీటు దించి, గొలుసు గ్రీజు ఎవరి బట్టలకీ అంటకుండా సైకిల్‌ని సంచిలో పెట్టి కట్టెయ్యాలి. కండక్టర్ లగేజీ టికెట్ అడిగితే మారు మాట లేకుండా తీసుకోవాలి.

చిట్టివలస కుర్రాడు:
సరే, ఏప్రిల్‌కైతే మీ మాటే. డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి ఉంటుంది, వచ్చేటప్పుడు అదే తోస్తుంది. అప్పుడు మాత్రం నేను చెప్పిన పూర్తి చుట్టే కరెక్టు.

రైలుపెట్టె:
టైరు చూశాను, 20×1.75. ట్యూబు ఇక్కడే కొనేస్తాను. ఐదింటికి బయల్దేరతాను, ఎనిమిది గంటల గీత పెట్టుకున్నాను. పెద్ద గోనెసంచి ఒకటి దొరికింది, సైకిల్ మడిస్తే పడుతోంది. భీమిలిలో అంత పొద్దున్నే వేడివేడి టిఫిన్ దొరికే చోటు ఎవరైనా చెప్పండి.