నాన్నగారి మార్పు వయసు వల్లనేనా?

ప్రశ్న:
మా నాన్నగారికి 74 ఏళ్లు. అమ్మ పోయి 14 నెలలయింది. తన పనులు తానే చేసుకుంటూ ఒక్కరే ఉంటున్నారు. ఒకప్పుడు పేపరు రాగానే కలం పట్టుకుని, పదకేళి పూర్తయితే గాని కుర్చీలోంచి లేచేవారు కాదు. పోయిన వారం వెళ్లి చూస్తే, 20 రోజుల పేపర్లు మడత విప్పకుండా ఆ కుర్చీ పక్కనే దొంతరగా ఉన్నాయి. దిగులుగా ఉందా అంటే లేదంటారు. ఒళ్లు నొప్పులని, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తోందని, పేర్లు గుర్తుండటం లేదని మాత్రం చెబుతారు. వయసు మీద పడితే ఇంతేనని బంధువులు అంటున్నారు గాని నాకు మనసొప్పడం లేదు. ఇది కుంగుబాటా, మతిమరుపు జబ్బైన డిమెన్షియానా?

మొదటి జవాబు:
వృద్ధుల మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. వయసు పైబడినంత మాత్రాన ఇష్టమైన పని మీద ఆసక్తి పోదండీ. ఈ వయసులో కుంగుబాటు చాలాసార్లు కన్నీళ్లతో కాక నొప్పులతో, నిద్రలేమితో బయటపడుతుంది కాబట్టి, దిగులు లేదని వారు చెప్పేది అబద్ధమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 60 దాటినవారిలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. అయినా ఇంటిపట్టున ఉండేవారి బాధను వయసు ఖాతాలో జమకట్టేస్తుంటాము. కుంగిపోయిన మనిషి తన మతిమరుపును తానే చెప్పుకుని బాధపడటం, డిమెన్షియా ఉన్నవారు తరచుగా దాన్ని కప్పిపుచ్చడం చూస్తుంటాము. రెండూ కలిసి ఉండవచ్చు కూడా. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, వాడుతున్న మందులన్నీ వైద్యుడికి చూపించనిదే ఏదీ తేల్చకూడదు. వృద్ధుల కోసమే తయారైన 15 ప్రశ్నల అవును-కాదు పట్టిక ఒకటి ఉంది. అందులో ఒంటి నొప్పుల ఊసే ఉండదు, ఎందుకంటే అవి ఆ వయసులో ఎవరికైనా ఉంటాయి. ఒక్క మాట మాత్రం ఆలస్యం చేయకుండా మీరే అడగండి: బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు.

రెండవ జవాబు:
మా అత్తగారికి మేము నిద్రమాత్రలతో సరిపెట్టాము. ఆవిడ రాత్రి లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. తరువాత కుంగుబాటు అని తేలి సరైన మందు మొదలుపెట్టినా, తేడా కనబడటానికి 6 వారాలు పట్టింది. మూడో వారంలోనే మానేయబోయాము. మీరు తొందరపడి మాన్పించకండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత, “మీ అమ్మ లేని ఇంట్లో మళ్లీ ఎందుకు తెల్లవారుతోందా అనిపిస్తుంది” అన్నారు. ఎల్లుండికి వైద్యుడి సమయం దొరికింది. అప్పటిదాకా ఇక్కడే, ఆయన గదిలోనే పడుకుంటున్నాను.