సఖులవలన పరి...లార! మధ్యలో ఏముంది?

పదపిచ్చి: ఇంగ్లాండ్ బ్యాండు ప్రాడిజీ రెండో ఆల్బమ్ మీద నాలుగు ముక్కలు రాస్తున్నా. 1994, ‘మ్యూజిక్ ఫర్ ద జిల్టెడ్ జెనరేషన్’. రేవ్ (రాత్రంతా సాగే డాన్స్ పార్టీల సంగీతం), రాప్, జమైకా రెగే కలిసిన సరుకు. అంతా రాసేశా గానీ హెడ్డింగులో ‘జిల్టెడ్’కి, అంటే ప్రేమించినవాళ్లు వదిలేసి పోయినవాళ్లకి, తెలుగు మాట దొరక్క బండి ఆగింది. శ్రీశ్రీ ‘జగన్నాథుని రథచక్రాలు’లో సరిగ్గా ఈ అర్థంతోనే ఒక పిలుపు ఉంది కదా, “సఖులవలన పరి...లార”. పరిత్యక్తులారేనా? పుస్తకం దగ్గర లేదు, నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

గణపాఠి: పరిచ్యుతులార. పుస్తకం ఎందుకండీ, మాత్రలు లెక్కపెట్టుకోండి. పక్క పాదాల్లో తిరస్కృతులార ఎనిమిది, బహిష్కృతులార ఎనిమిది, ఇక్కడ పరిచ్యుతులార ఎనిమిది. పరిత్యక్తులార అంటే తొమ్మిదవుతుంది, అక్కడే కాలు తడబడుతుంది. శ్రీశ్రీ చెవి అలాంటిది ఒప్పుకోదు.

పదపిచ్చి: ఒప్పుకున్నా మాస్టారూ. కానీ చ్యుతి అంటే జారడం కదా? జిల్ట్ అంటే ఎవరో ఒకరు మాటిచ్చి వదిలేసి పోవాలి. జారినవాడిదీ వదిలేయబడ్డవాడిదీ ఒకే బాధ కాదు.

కోనసీమ కుర్రాడు: ఇంత కష్టం దేనికన్నా, ‘హ్యాండిచ్చిన తరం’ అను, అయిపోతుంది.

పదపిచ్చి: తమ్ముడూ, అలా అంటే హ్యాండిచ్చింది తరమే అవుతుంది. పుచ్చుకున్నవాళ్లకి మన భాషలో మాట లేదు చూడు. ‘దగాపడ్డ తరం’ కొంత నయం, కానీ అందులో ప్రేమ వాసన లేదు.

గణపాఠి: చ్యుతి మాటకొస్తే అసలు తిరకాసు ‘వలన’ దగ్గర ఉంది. వలనన్, కంటెన్, పట్టి పంచమీ. అంటే సఖుల నుంచి జారినవాళ్లు. సఖులు తోసేశారని ఎక్కడుంది? తోసేస్తే ‘చేత’ అనేవాడు.

వేమవరం అక్క: పక్క పాదం మర్చిపోతున్నారు గణపాఠి గారూ. “జనులవలన తిరస్కృతులార” దగ్గర మీ పంచమి ఏం చేస్తుంది? జనుల నుంచి తిరస్కరించబడ్డారా, జనులే తిరస్కరించారా? ఒకే ఊపులో వచ్చిన రెండు ‘వలన’లకి రెండు విభక్తులు పెట్టడం కుదరదు. ఇక జిల్టెడ్‌కి మాట కావాలంటే మన అలంకార శాస్త్రంలోనే ఉంది: విప్రలబ్ధ. సంకేత స్థలానికి వస్తానన్న ప్రియుడు రాని నాయిక.

గణపాఠి: ఖండిత నాయిక ఎందుకు కాకూడదు?

వేమవరం అక్క: ఖండిత దగ్గరికి వాడు తెల్లారాకైనా వస్తాడండీ, వేరే ఆవిడ గుర్తులతో. ఈ జిల్టెడ్ తరం దగ్గరికి ఎవరొచ్చారు?

లీడ్స్ నుంచి: పోలీసులొచ్చారు 😀 అక్కా, ‘సంకేత స్థలం’ భలే పడింది. లండన్ చుట్టూ ఉన్న ఎం25 రోడ్డు మీద కార్లలో తిరుగుతూ, రేవ్ పార్టీ ఎక్కడో చివరి నిమిషంలో ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు. 1992 మేలో కాజిల్‌మార్టన్ మైదానంలో పెద్ద రేవ్ జాతరే జరిగాక ప్రభుత్వం ఇలాంటి పార్టీలను ఆపే చట్టానికి దిగింది. ఆ చట్టం 63వ సెక్షన్‌లో సంగీతం అంటే ఏమిటో కూడా చెప్పుకున్నారు, ఒకే బీటు మళ్లీ మళ్లీ వరసగా వచ్చే శబ్దాలు కూడా సంగీతం కిందికే వస్తాయట! ఆల్బమ్ జులైలో వస్తే చట్టం నవంబర్‌లో పాసైంది. ఆల్బమ్ లోపలి బొమ్మ చూశారా? తాళ్ల వంతెనకి అవతల పోలీసులు, ఇవతల కుర్రకారు, వాళ్లలో ఒకడు కత్తితో తాడు కోస్తున్నాడు. ఇందులో జారడం ఎక్కడుంది? తెంపుకోవడమే.

అన్నట్టు పదపిచ్చి గారూ, రెగే ముక్క నేరుగా దొరికేది మొదటి ఆల్బమ్‌లో. ‘అవుట్ ఆఫ్ స్పేస్’లో వినిపించేది జమైకా రెగే గాయకుడు మాక్స్ రోమియో గొంతు. రెండోదాంట్లో రెగే అంటే బ్యాండులో మైకు పట్టే మాక్సిమ్ నోరే, ‘పాయిజన్’ పాటలో వినండి. జమైకా సౌండ్ సిస్టమ్‌ల దగ్గర మైకు పట్టుకుని బీటు మీద మాట్లాడేవాడినే డీజే అంటారు, రాప్‌కి అది పెద్దన్న లాంటిది.

కోనసీమ కుర్రాడు: పాయిజన్ అనగానే అదే కవితలోని “బాధాసర్పదష్టులార” గుర్తొచ్చింది. ఇప్పుడే ఆ ట్రాక్ పెట్టుకుని మీ పరిచ్యుతులార అని చూశా. ఎంత బాగా కూర్చుందో! నిదానం బీటు కదా, పాదానికి పద్నాలుగు మాత్రలు, రెండు ఊపిరికి, మొత్తం పదహారు.

గణపాఠి: పద్నాలుగు సరే, విరుపు చూడవోయ్. సఖుల, వలన, పరిచ్యు, తులార. మూడు, మూడు, నాలుగు, నాలుగు. “సంఘానికి బహిష్కృతులార” పాదంలో ‘సంఘానికి’ దగ్గర మూడు మూడు విరగదు, నాలుగూ రెండూ అవుతుంది. నీ డ్రమ్ము అక్కడ ఏం చేసింది?

కోనసీమ కుర్రాడు: డ్రమ్ముకి సంఘంతో పనేంటి మాస్టారూ, అది ఆగలేదు.

గణపాఠి: అయితే నువ్వు ‘సంఘాన్కి’ అని మింగి ఉంటావు. రికార్డు చేసి పెట్టు, వింటాను.

పదపిచ్చి: నా హెడ్డింగు సంగతి ఎవరైనా చెప్తారా?

వేమవరం అక్క: విప్రలబ్ధ అని చెప్పా కదా నాయనా.

గణపాఠి: అది స్త్రీలింగమమ్మా. తరానికి ఎలా అతుకుతుంది?