కళాశాల పేరా, కోరిన బ్రాంచా: ఉద్యోగం దగ్గర ఏది నిలబడుతుంది?

ప్రశ్న (గోదావరి గట్టు):
మా అమ్మాయికి ఏపీ ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకును బట్టి కాకినాడ జేఎన్‌టీయూ ప్రాంగణ కళాశాలలో సివిల్, లేదా మా ఊరికి దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్స్ రావచ్చని తెలిసినవారు చెబుతున్నారు. మా ఇంట్లో ఇంజినీరింగ్ వరకు వచ్చిన మొదటి మనిషి తనే. కాకినాడది 1946లో మొదలైన కళాశాల కాబట్టి ఆ పేరే ఉద్యోగం తెచ్చిపెడుతుందని కొందరు బంధువులు, బ్రాంచ్ మంచిదైతే పేరుతో పనిలేదని మరికొందరు గట్టిగా వాదిస్తున్నారు. అమ్మాయికి లెక్కలంటే ఇష్టమే గాని సాఫ్ట్‌వేర్ మీద ప్రత్యేకమైన ఆసక్తి లేదు. వెబ్ ఆప్షన్లు (కోరుకునే కళాశాలలు, బ్రాంచ్‌ల వరుస) పెట్టేలోగా, విశ్వవిద్యాలయం పేరు ఉద్యోగావకాశాలను నిజంగా ఎంతవరకు ప్రభావితం చేస్తుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (నియామకాల విభాగం, హైదరాబాద్):
అయ్యా, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తవారిని ఎంపిక చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ వైపు నుంచి కనిపించేది చెబుతాను. క్యాంపస్ నియామకాలకు ఏయే కళాశాలలకు వెళ్లాలన్న జాబితా విద్యార్థుల ముఖాలు చూడకముందే తయారవుతుంది. అక్కడి నుంచి గతంలో తీసుకున్నవారు ఎలా పనిచేశారు, అక్కడ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగుతుంది, ఒక్క రోజులో ఎంతమందిని పరీక్షించగలం అన్నవే ఆ జాబితాను నిర్ణయిస్తాయి. నిజానికి మేము నమ్ముతున్నది ఆ కళాశాల నాలుగేళ్లలో నేర్పినదాన్ని కాదు, అందులో చేరడానికి విద్యార్థి పదిహేడేళ్ల వయసులో దాటిన ప్రవేశ పరీక్షను. ఇది న్యాయమని నేను అనను, ఎందుకంటే ఇంటర్‌లో సరైన కోచింగ్ దొరకని పిల్లలు దీనివల్ల రెండుసార్లు నష్టపోతున్నారు. అయితే పేరు చేసే మేలు కంపెనీని గుమ్మం దాకా రప్పించడంతో ఆగిపోతుంది. లోపలికి వచ్చాక పదో తరగతి నుంచి బీటెక్ వరకు అరవై శాతం ఉందా, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉన్నాయా, రాత పరీక్షలో ప్రోగ్రాం రాయగలిగారా అన్నవే చూస్తాం. మూడు నాలుగేళ్ల అనుభవంతో వచ్చేవారిని మాత్రం చేసిన పని గురించే అడుగుతాను, వారి కళాశాల పేరు చాలాసార్లు చదవనైనా చదవను.

సమాధానం (అర్థశాస్త్రం బోధకుడు):
పై మాటకు దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 1976లో కళాశాలల్లో చేరినవారి తర్వాతి సంపాదనను పరిశీలించి 2002లో ప్రచురించారు. పేరున్న కళాశాలలో సీటు వచ్చినా అంత పేరు లేనిదానిలో చేరినవారు సైతం, పేరున్నదానిలో చదివిన సాటి ప్రతిభావంతులతో దాదాపు సమానంగానే సంపాదించారని అందులో తేలింది. అంటే పేరు వల్ల వచ్చిందనుకున్న లాభంలో చాలా భాగం ఆ విద్యార్థుల సొంత సామర్థ్యానిదే. కానీ మీరు గమనించవలసింది అందులోని మినహాయింపును. పేద కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం పేరున్న కళాశాల స్పష్టంగా మేలు చేసింది. అమెరికా లెక్క మనకు యథాతథంగా వర్తించదు. అయినా ఉద్యోగాల కబురు చెప్పే బంధువులు, సిఫారసు చేసే పరిచయాలు లేని ఇంటి పిల్లకు ఆ లోటు తీర్చేది కళాశాలే అన్నది మన దగ్గర కూడా సబబుగానే తోస్తుంది. మీ అమ్మాయి మొదటి తరం విద్యార్థిని కాబట్టి పేరును తేలిగ్గా తీసేయవద్దనే నా అభిప్రాయం.

సమాధానం (పూర్వ విద్యార్థిని):
మాస్టారు చెప్పింది నా విషయంలో అక్షరాలా నిజం. మా కళాశాలకు పెద్ద కంపెనీలు వచ్చేవి కావు. చదువు పూర్తయ్యాక బయట నుంచి దరఖాస్తు చేస్తుంటే, ఒక కంపెనీ ఫారంలో కళాశాల పేరు ఎంచుకోవలసిన జాబితాలో మాది లేనే లేదు. ‘ఇతరములు’ అని నొక్కి పంపిన ఆ దరఖాస్తుకు జవాబు కూడా రాలేదు. చివరికి అందరూ రాయగలిగే ఆన్‌లైన్ పరీక్ష ద్వారా ఉద్యోగం వచ్చింది గాని, నాకన్నా బాగా చదివిన స్నేహితురాళ్లు ఈలోగా ఓపిక నశించి వేరే పనుల్లో చేరిపోయారు. ఆ ఆలస్యం ఆడపిల్లల విషయంలో మరీ బరువు, ఎందుకంటే ఖాళీగా ఉన్నంతసేపూ ఇంట్లో పెళ్లి మాటలే నడుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అయితే ఆ పేరు సివిల్ విద్యార్థికి కూడా అంతే పనిచేస్తుందా? కళాశాలల బ్రోచర్లలో అత్యధిక ప్యాకేజీ తప్ప మరేదీ కనిపించడం లేదు.

సమాధానం (నియామకాల విభాగం, హైదరాబాద్):
బ్రోచర్ పక్కన పెట్టండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే ముగ్గురిగా లెక్కవేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కళాశాలలు సమర్పించిన వివరాల్లో ఎంతమంది గడువులోగా ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మీడియన్ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మధ్య జీతం) ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నవి ఉంటాయి. కళాశాలకు వచ్చిన ర్యాంకు కన్నా ఆ అంకెలే మీకు ఉపయోగం. అయితే అవి బ్రాంచ్‌ల వారీగా ఉండవు కాబట్టి సివిల్ లెక్కను ప్లేస్‌మెంట్ అధికారిని నేరుగా అడగాలి. సివిల్‌లో ప్రభుత్వ ఉద్యోగాల దారి ముఖ్యమైనది, అక్కడ పేరు దాదాపుగా పనిచేయదు. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలు గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రులు రాసే జాతీయ పరీక్ష) స్కోరు చూస్తాయి, రాష్ట్రంలో అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టులకు పోటీ పరీక్ష ఉంటుంది. లెక్కల మీద ఇష్టం ఉండి, ఆ పరీక్షలకు చదివే ఓపిక ఉన్న అమ్మాయికి కాకినాడ సివిల్ మంచిదే. ఆ ఓపిక లేదని తను అంటే మాత్రం ఆ ప్రైవేటు కళాశాలకు గత రెండేళ్లలో వచ్చిన కంపెనీల జాబితా, ఒక్కో కంపెనీ తీసుకున్నవారి సంఖ్యతో సహా తెప్పించుకుని, ఆప్షన్ల వరుస ఆ తర్వాతే ఖాయం చేయండి.