భూమికి దగ్గరి గ్రహం శుక్రుడా, బుధుడా?

ప్రశ్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం గ్రహాల మధ్య దూరాల చార్టు చేస్తోంది. పుస్తకంలో సూర్యుడి నుంచి దూరాలు ఇచ్చారు: బుధుడు 5.79 కోట్ల కి.మీ., శుక్రుడు 10.82, భూమి 14.96, అంగారకుడు 22.79. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే భూమికీ శుక్రుడికీ మధ్య 4.14 కోట్లు, భూమికీ అంగారకుడికీ మధ్య 7.83 కోట్లు వచ్చాయి. శుక్రుడే దగ్గర అని రాసేసింది. క్లాసులో ఎవరో "కాదు, బుధుడు" అన్నారట. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఏది రాయమంటారు?

జవాబు:
తీసివేత సరైనదేనండీ. కాకపోతే అది రెండు గ్రహాలూ సూర్యుడికి ఒకే వైపున వరసలోకి వచ్చిన రోజు లెక్క. శుక్రుడు అలా రావడం దాదాపు 19 నెలలకోసారి. సూర్యుడికి అవతల ఉన్నప్పుడైతే తీసేయడం కాదు, కూడాలి: 25.78 కోట్లు. మన మంగళయాన్‌నే చూడండి. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఆ రోజు అంగారకుడు మనకి సుమారు 22 కోట్ల కి.మీ. దూరంలో ఉన్నాడు, సిగ్నల్ రావడానికే 12 నిమిషాల పైన పట్టింది. మీ చార్టులోని 7.83 కోట్లకి అది మూడు రెట్లు!

క్లాసులో చెప్పినవాళ్ళు సగటు దూరం గురించి అని ఉంటారు. ఆ లెక్కన బుధుడే దగ్గర.

అడిగినవారు:
సగటు మేమూ వేశామండీ. బుధుడికి కనిష్ఠం 9.17, గరిష్ఠం 20.75, రెండూ కలిపి సగం చేస్తే 14.96. శుక్రుడికీ అచ్చంగా 14.96 వచ్చింది. ఇద్దరూ సమానమేనా?

జవాబు:
భలే చోట ఆగారు. ఒకసారి తీసేసినదాన్నే ఇంకోసారి కలుపుతున్నారు కాబట్టి అది కొట్టుకుపోయి భూమి దూరమే మిగులుతుంది. ఆ రెండు స్థానాల మధ్య గ్రహం ఎక్కడెక్కడ తిరిగిందో కూడా లెక్కలోకి రావాలి. పక్కకి, అంటే సూర్యుడి దగ్గర లంబకోణం ఏర్పడేలా ఉన్నప్పుడు, పైథాగరస్ వాడండి. శుక్రుడికి కర్ణం 18.46 కోట్లు, బుధుడికి 16.04. అలాంటి స్థానాలు అటూ ఇటూ రెండు. దగ్గరిది, దూరపుది, ఈ రెండూ, మొత్తం నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే బుధుడికి 15.5 కోట్లు, శుక్రుడికి 16.7, అంగారకుడికి 25 వస్తాయి. కక్ష్యలో ఇంకా ఎక్కువ స్థానాలు తీసుకుంటే శుక్రుడు 17 దాకా, అంగారకుడు 25.4 దాకా వెళ్తారు. బుధుడు దాదాపు అక్కడే ఉంటాడు.

కారణం సులువే. బుధుడు సూర్యుణ్ణి అంటిపెట్టుకుని తిరుగుతాడు, కాబట్టి మనకి ఎంతో దగ్గరికీ రాడు, ఎంతో దూరమూ పోడు. శుక్రుడు దగ్గరికొచ్చినంతా వచ్చి, తర్వాత బోలెడు కాలం అవతలే గడుపుతాడు. తమాషా ఏమిటంటే, ఇదే సగటు వేస్తే నెప్ట్యూన్‌కి కూడా దగ్గరి గ్రహం బుధుడే. వినగానే నేనూ నమ్మలేదు, లెక్క వేసుకున్నాకే ఒప్పుకున్నాను.

మరొకరు:
ఇవన్నీ కక్ష్యల్ని వృత్తాలనుకుని వేసిన లెక్కలని చార్టులో ఒక వాక్యం రాయించండి. నిజానికి అవి కొంచెం సాగిన వృత్తాలు. అంగారకుడి 7.83 కోట్లనే చూడండి, 2003 ఆగస్టు 27న ఆయన 5.58 కోట్ల కి.మీ. దూరానికే వచ్చాడు.

అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. "అత్యంత దగ్గరికి వచ్చేది శుక్రుడు, సగటున దగ్గరిది బుధుడు" అని రెండూ రాయిస్తాను. చివరి సందేహం: చార్టు మీద దూరాలు స్కేలుకి గీయడం కుదురుతుందా?

జవాబు:
మామూలు చార్టు పేపర్ చాలదు. పేపర్లు అతికించి మూడు మీటర్ల పైన పొడవు చేయండి. సూర్యుడి నుంచి భూమికి 10 సెం.మీ. పెట్టుకుంటే బుధుడు 3.9, శుక్రుడు 7.2, అంగారకుడు 15.2, గురుడు 52, శని 96, యురేనస్ 192, నెప్ట్యూన్ 301 సెం.మీ. దగ్గర వస్తాయి. మొదటి నాలుగూ ఒక మూల ఇరుక్కుంటాయి, కంగారు పడకండి. ఈ స్కేల్లో సూర్యుడే ఒక మిల్లీమీటరు కూడా ఉండడు. కాబట్టి బొమ్మలు మీకు నచ్చిన సైజులో వేసుకుని, "దూరాలు మాత్రమే స్కేలు ప్రకారం" అని కింద రాయించండి.