గ్రావెల్‌ని వారంవారం సైఫన్ చేయాలా, కదపకుండా వదిలేయాలా?

గప్పీగోల:
60 లీటర్ల చేపల ట్యాంకు, గప్పీలు 8, అడుగున తిరిగే కోరిడోరాస్ చేపలు 4. అడుగున 2 అంగుళాల గ్రావెల్, అంటే సన్న గులకరాళ్లు. వారానికోసారి సైఫన్ గొట్టంతో నీళ్లతో పాటు మడ్డి లాగమని కొందరు, ముట్టుకుంటే మంచి బ్యాక్టీరియా పోతుందని కొందరు. పోయిన నెల గ్రావెల్ మొత్తం బకెట్‌లోకి తీసి కుళాయి కింద మెరిసేదాకా కడిగాను. నాలుగో రోజుకి నీళ్లు పాలలా అయ్యాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. రెండు గప్పీలు పోయాయి. అప్పట్నుంచీ గ్రావెల్ మీద చెయ్యి వెయ్యాలంటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

మడ్డిమనిషి:
ఆ రోజే ఫిల్టర్ స్పాంజ్ కూడా కుళాయి కిందే కడిగారా?

గప్పీగోల:
అవునండీ. ఒకేసారి పనైపోతుందని.

మడ్డిమనిషి:
అదే కొంప ముంచింది. చేపల మలంలోంచి వచ్చే, వాటికి విషమైన అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఈ రెండు చోట్లే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే దానికి అవి తట్టుకోలేవు. సైఫన్ సంగతి వేరు. బ్యాక్టీరియా రాయికి పాకుడులా అంటుకుని ఉంటుంది, గొట్టంలోకి వచ్చేది రాళ్ల సందుల్లోని మడ్డి మాత్రమే. నేను ప్రతి వారం పావు వంతు నీళ్లు మారుస్తాను, ఆ నీళ్లనే గ్రావెల్‌లోంచి లాగుతాను. ఎలాగూ తీసే నీళ్లే కదా.

ఆకుపచ్చనీరు:
నేను ఒప్పుకోను. నా ట్యాంకులో గ్రావెల్‌ని మూడేళ్లుగా కదపలేదు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ మొక్కల వేళ్లు అడుగంతా అల్లుకున్నాయి, ఆ మడ్డే వాటికి ఎరువు. నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాములు) దాటదు. గొట్టం దింపితే వేళ్లు తెగుతాయి. రాళ్లని తిరగెయ్యడానికి మలేషియన్ ట్రంపెట్ నత్తలు ఉన్నాయి.

మడ్డిమనిషి:
నత్త మడ్డిని తిరగేస్తుంది, మాయం చెయ్యదు. మీ దగ్గర దాన్ని తినేది మొక్కలు. ఇంతకీ గప్పీగోల గారి ట్యాంకులో మొక్కలేవి?

గప్పీగోల:
ఒక్క అనుబియాస్. అదీ రాయికి కట్టిందే.

ఆకుపచ్చనీరు:
అయితే దాని వేళ్లు గ్రావెల్‌లోకి దిగవు, నెమ్మదిగా పెరిగే రకం కూడా. సరే, మీరు సైఫన్ చేసుకోండి. మొక్కలున్నవాళ్లకి కూడా అదే సలహా ఇస్తేనే నాకు ఒళ్లు మండేది.

తోకచుక్క:
ఇంత రభస ఎందుకు బ్రదర్, ఒక సక్కర్ ఫిష్ వేస్తే మొత్తం అదే తినేస్తుంది!

మడ్డిమనిషి:
అది ఇతర చేపల మలం తినదు. పైగా తనే అందరికంటే ఎక్కువ మలం వేస్తుంది, అడుగు పొడవు దాటి పెరుగుతుంది. 60 లీటర్లలో దాన్ని ఎక్కడ పెడతారు?

పాతట్యాంకు:
ఇద్దరూ అండర్‌గ్రావెల్ ఫిల్టర్ (గ్రావెల్ కింద పెట్టేది, నీళ్లని రాళ్లలోంచి కిందికి లాగుతుంది) ఊసెత్తలేదు. అది ఉంటే గ్రావెలే ఫిల్టర్. మడ్డి పేరుకుంటే నీళ్లు కిందికి దిగవు, కాబట్టి సైఫన్ తప్పదు. అలాగని మొత్తం ఒకేరోజు కలబెట్టొద్దు. ఈ వారం సగం, వచ్చే వారం మిగతా సగం. మామూలు ఫిల్టర్ ఉన్నా నేను ఇలాగే చేస్తాను. స్పాంజ్‌ని ఇంకో వారం, అదీ ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను. కోరిడోరాస్ మీసాలతో అడుగంతా వెతుక్కుంటాయి, మురికి గ్రావెల్‌లో ఆ మీసాలు అరిగిపోతాయి. సైఫన్ చెయ్యడానికి మీకైతే ఈ ఒక్క కారణం చాలు.

గప్పీగోల:
ఇవాళ ముందు వైపు సగం లాగాను. బకెట్‌లో అడుగు కనిపించలేదు! నానిపోయిన మేత ముద్దలు కూడా వచ్చాయి. రోజుకి మూడుసార్లు వేస్తున్నాను మరి. సాయంత్రం టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా.

ఆకుపచ్చనీరు:
మేత ఒకపూటకి తగ్గించి చూడండి, అదీ రెండు నిమిషాల్లో తినేసేంతే. వచ్చే నెలకి సైఫన్ పని సగం తగ్గకపోతే నన్ను అడగండి.

మడ్డిమనిషి:
తగ్గుతుంది, ఒప్పుకుంటా. గొట్టం మాత్రం అటక మీద పెట్టకండి.