థీమ్ పార్క్‌లో పిల్లలకు సైన్స్, పర్యావరణం: పాఠంలా అనిపించకుండా ఏం చేయించవచ్చు?

రంగులరాట్నం (ప్రశ్న):
సెలవుల్లో రెండు రోజులు థీమ్ పార్క్‌లో ఉంటాం. పాపకు 8, బాబుకు 13 ఏళ్లు. బాబుకు స్కూల్లో స్థితిశక్తి, గతిశక్తి అయిపోయాయి. పాపకు గుణకారాలు, భాగహారాలు వచ్చు. సరదా చెడకుండా, క్యూలో నిలబడ్డప్పుడు చేయించగలిగినవి కావాలి. కరెంటు, చెత్త గురించి కూడా ఏమైనా ఉంటే చెప్పండి. "ప్లాస్టిక్ వాడొద్దు" అని మేం చెప్పడం కాకుండా, వాళ్లే కొలిచి తెలుసుకునేలా ఉండాలి. సామాను చిన్న బ్యాగులో పట్టేంతే.

లోలకం:
ఒక రైడ్‌కి ఒక్కటే ప్రశ్న పెట్టండి. ఎక్కేముందు ఇద్దరూ జవాబు ఊహించి కాగితం మీద రాయాలి, దిగాక సరిచూసుకోవాలి. ప్రతి రైడ్ దగ్గరా అన్నీ చెప్పబోతే రెండో రైడ్‌కే వినడం మానేస్తారు.

పాపకు గొలుసు కుర్చీల రాట్నంతో మొదలుపెట్టండి. బయట నిలబడి అడగండి: "లావుపాటి మనిషి కూర్చున్న కుర్చీ ఎక్కువ పైకి లేస్తుందా, ఖాళీ కుర్చీయా?" దాదాపు పిల్లలందరూ ఖాళీదే అంటారు. తిరగడం మొదలయ్యాక చూడండి, ఒకే వరుసలో ఖాళీ కుర్చీ, మనిషి ఉన్న కుర్చీ ఇంచుమించు ఒకే కోణంలో వాలి ఉంటాయి. బరువు రెట్టింపైతే కిందికి లాగే బలమూ రెట్టింపే, గుండ్రంగా తిప్పడానికి కావాల్సిన బలమూ రెట్టింపే. అందుకే కోణం మారదు. తర్వాత లోపలి వరుసనూ బయటి వరుసనూ పోల్చమనండి. బయటిది ఎక్కువ వాలుతుంది, ఎందుకంటే అదే సమయంలో పెద్ద చుట్టు తిరగాలి.

ఊగే పడవ దగ్గర బాబు చేత ఐదు ఊపుల (అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తే ఒక ఊపు) టైమ్ కొలిపించి ఐదుతో భాగించమనండి. ఒక్క ఊపు కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడాయే లెక్కను పాడుచేస్తుంది. పడవ కూడా ఒక లోలకమే; లోలకం సూత్రం ప్రకారం 10 మీటర్ల పొడవుకు సుమారు 6.3 సెకన్లు రావాలి. పడవ ఎత్తుకు ఊగేకొద్దీ టైమ్ పెరుగుతుంది, పైగా కింద టైరు దాన్ని నెడుతూ ఉంటుంది కాబట్టి సూత్రంతో అచ్చంగా కుదరదు. ఎందుకు కుదరలేదో వాడినే చెప్పనివ్వండి.

కోణమానిని:
రోలర్ కోస్టర్ ఎక్కనక్కర్లేకుండానే బోలెడు కొలవొచ్చు. కావాల్సినవి ఒక కోణమానిని, స్ట్రా, దారం, చిన్న నట్టు, టేపు, స్లో మోషన్ ఉన్న ఫోన్.

కోణమానిని తిన్నటి అంచుకు స్ట్రాను టేపుతో అంటించి, మధ్య చుక్క దగ్గర నట్టు కట్టిన దారం వేలాడదీయండి. స్ట్రాలోంచి మొదటి గుట్ట కొసను చూస్తే దారం ఒక అంకె మీద నిలుస్తుంది. ఆ అంకెకూ 90కీ ఉన్న తేడాయే మనకు కావాల్సిన కోణం. ఈ తీసివేత మరిచిపోయి 60 డిగ్రీలని రాసుకోవడమే అందరూ చేసే పొరపాటు. చూసేది 60 అయితే కోణం 30.

కంచె వల్ల గుట్ట కిందికి వెళ్లలేం కదా, అందుకని ఇలా చేయండి. కొస 45 డిగ్రీల్లో కనిపించే చోట నిలబడి గుర్తు పెట్టుకోండి. అక్కణ్నుంచి గుట్టకు ఎదురుగా, తిన్నగా వెనక్కి నడుస్తూ 30 డిగ్రీలు వచ్చేచోట ఆగండి. నడిచిన దూరాన్ని 1.37తో గుణించి కంటి ఎత్తు కలిపితే గుట్ట ఎత్తు. ఉదాహరణకు 15 మీటర్లు నడిస్తే 20.5, కంటి ఎత్తు 1.3 కలిపి 21.8 మీటర్లు. అడుగుల లెక్కన నడిచేటట్లయితే ఇంటి దగ్గరే పది అడుగులు వేయించి టేపుతో కొలిచి పెట్టుకోండి.

ఇప్పుడు గుట్ట దిగి కిందికొచ్చాక ఉండాల్సిన వేగం. 2 × 9.8 × ఎత్తు, దాని వర్గమూలం. 21.8 మీటర్లకు సెకనుకు 20.7 మీటర్లు, అంటే గంటకు 74 కిలోమీటర్లు. పట్టాలు నేలను దాదాపు తాకేచోట ఒక స్తంభాన్ని గురిపెట్టి సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీయండి. బండి ముక్కు స్తంభం దాటినప్పటి నుంచి తోక దాటేదాకా ఫ్రేములు లెక్కపెట్టాలి. 12 మీటర్ల బండికి 144 ఫ్రేములు పడితే 0.6 సెకను, అంటే సెకనుకు 20 మీటర్లు. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు 6 శాతం గాలికీ రాపిడికీ పోయిందన్నమాట. బండి పొడవు తెలియకపోతే స్టేషన్‌లో ఆగినప్పుడు ప్లాట్‌ఫాం పక్కన అడుగులతో కొలవండి. కొలతలో మీటరు తేడా వస్తే ఈ 6 శాతం అర్థం లేనిదైపోతుంది, కాబట్టి రెండుసార్లు కొలవమనండి.

బండి తలకిందులయ్యే లూప్ గుండ్రంగా కాకుండా పైన ఇరుగ్గా, కింద విశాలంగా నీటిబొట్టులా ఎందుకుంటుందో అడగండి. అచ్చమైన వృత్తమైతే, పైన పడిపోకుండా సరిపడేంత వేగంతో వెళ్లే బండిలో కూడా కిందికొచ్చేసరికి మన బరువు ఆరు రెట్లు అనిపిస్తుంది. జర్మన్ ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ ఈ బొట్టు ఆకారాన్ని లెక్కగట్టి ఇచ్చాకే 1976లో అమెరికాలో ఆధునిక లూప్ కోస్టర్ వచ్చింది. ఆ గీత నాకు ఎంత చూసినా తనివితీరదు.

రంగులరాట్నం:
చాలా సాయం చేశారండీ. ఫోన్ జేబులో పెట్టుకుని రైడ్‌లో త్వరణం కొలవొచ్చా?

కోణమానిని:
రైడ్ నడిపేవాళ్లు ఒప్పుకుంటేనే, అదీ జిప్ ఉన్న జేబులోనే. వద్దంటే హోటల్ లిఫ్ట్‌లో చేయండి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం. గురుత్వంతో కలిపి చూపే త్వరణాన్ని ఎంచుకోండి. కదలకుండా ఉన్నా 9.8 చూపిస్తుంది, పిల్లలు తప్పనుకుంటారు, ముందే చెప్పండి. జారుతున్నప్పుడు అది సున్నా వైపు పడిపోతుంది, కడుపులో తేలినట్టుండే క్షణం అదే. జేబులో స్క్రీన్ తగిలి రికార్డింగ్ ఆగిపోతుంటుంది, కాబట్టి టైమర్ పెట్టి దానంతటదే మొదలయ్యేలా చేయండి.

పొదుపుమంత్రం:
కరెంటు లెక్క క్యూలోనే అయిపోతుంది. బండి, 24 మంది మనుషులు కలిపి 8 టన్నులు అనుకుందాం. 22 మీటర్లు ఎక్కించడానికి 8000 × 9.8 × 22, అంటే 17 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు కనుక ఇది 0.48 యూనిట్. మోటారు, గొలుసు నష్టాలకు మూడో వంతు కలిపితే 0.64. ఇంత భయపెట్టే రైడ్‌కి మనిషికి వచ్చేది 0.03 యూనిట్ లోపే! లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే లీటరు పెట్రోల్ ఆ బండిని దాదాపు 14 సార్లు గుట్ట ఎక్కిస్తుంది. కారులో పార్క్ దాకా ఎన్ని లీటర్లు కాల్చారో బాబు చేత లెక్క వేయించండి.

చెత్తకు వంటింటి త్రాసు తీసుకెళ్లండి. లగేజీ త్రాసు వంద గ్రాముల లోపు నమ్మదగ్గట్టు చూపదు. ఒక్క పూట భోజనం చాలు: మిగిలిన తిండి, కాగితం, ప్లాస్టిక్ విడివిడిగా తూచి రాయాలి. ఎక్కువ బరువు తినకుండా వదిలేసినదే కావచ్చు, ఏది ఎక్కువో ముందే ఊహించమనండి.

పాపకు ఇంకొకటి. కాగితం కప్పును నిలువుగా చింపి, ముక్కను రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. పొద్దున గోటితో గీరితే కాగితం పిప్పిపిప్పిగా ఊడి, చేతిలో పల్చని పొర మిగులుతుంది. చాలా కప్పులకు ఆ పొర ప్లాస్టిక్‌దే. "కాగితమే కదా" అని వేసే డబ్బా సరైనదో కాదో అప్పుడు అడగండి.

లోలకం:
పొదుపుమంత్రం గారూ, లెక్క బాగుంది కానీ ఒక సవరణ. పెట్రోల్‌లో ఉన్నది వేడి, మీరు దాన్ని కరెంటుతో పోల్చారు. బొగ్గు ప్లాంటులో వేడిలో సుమారు మూడో వంతే కరెంటు అవుతుంది. ఆ లెక్కన ఒక ట్రిప్పుకు దాదాపు 2 యూనిట్ల వేడి, లీటరుకు 14 కాదు, నాలుగైదు ట్రిప్పులు. అయినా వంద మందికి పైగా ఎక్కేసినట్టే. రైడ్ కంటే కారు ప్రయాణానికే ఎక్కువ శక్తి పోతుందన్న మాట మారదు, కానీ బాబుకు ఈ తేడా చూపించండి, యూనిట్లు ఒకటైనా పోలిక తప్పవచ్చని తెలుస్తుంది.

పొదుపుమంత్రం:
నిజమేనండీ, నాలుగైదే సరి. రంగులరాట్నం గారూ, ముందు 14 అని చెప్పి, తప్పెక్కడుందో బాబునే పట్టుకోమనండి.